పెనాంగ్ తీరాన సార్కీస్ సోదరుల హోటల్

ఎండ ఇంకా ముదరని వేళ ఆ హోటల్ వెనక పచ్చికలోకి వెళ్తే, కళ్లెదుట మలక్కా జలసంధి పరుచుకుని ఉంటుంది. ఒడ్డు వెంబడి గోడ. గోడ పక్కన సముద్రంవైపు మూతి తిప్పిన పాత ఫిరంగులు. ఓ మూల, ఊళ్లో పెద్ద వయసు చెట్లలో ఒకటని చెప్పుకునే జావా చెట్టు. మబ్బు పట్టని రోజైతే నీళ్లకు అవతల, ఉత్తరాన, నీలం రంగులో ఒక కొండ తేలి కనిపిస్తుంది. ఆ కొండ పేరు గునుంగ్ జెరాయ్. ఎత్తు 1,217 మీటర్లు. ఓడలు నడిపేవాళ్లకు వెయ్యేళ్లకు ముందు నుంచీ అదే దారిగుర్తు. దాని పాదాల దగ్గర, బుజాంగ్ లోయలో హిందూ, బౌద్ధ కట్టడాల పునాదులు బయటపడ్డాయి. చోళుల శాసనాల్లో కడారంగా కనిపించే రాజ్యం ఆ ప్రాంతానిదే. 1025 ప్రాంతంలో రాజేంద్ర చోళుడు నౌకాబలంతో దాని మీదికి వెళ్లాడు. ఆయన కూతురు అమ్మంగదేవిని పెళ్లాడినవాడు మన రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజు. పెనాంగ్ పచ్చికలో నిలబడిన తెలుగు యాత్రికుడికి అంత దూరాన ఉన్న కొండ కూడా పరాయిదిగా అనిపించదు.

ఆ పచ్చిక ఈస్టర్న్ అండ్ ఓరియంటల్ హోటల్‌ది. ఊళ్లో అందరూ ‘ఇ అండ్ ఓ’ అంటారు. మలేసియాకు వాయవ్యాన ఉన్న పెనాంగ్ ద్వీపంలో, జార్జ్‌టౌన్ నగరంలో, ఫార్క్వర్ వీధిలో 1885లో మొదలైంది. ఆగ్నేయాసియాలో నేటికీ అతిథులను దించుకుంటున్న పాత హోటళ్లలో ముందు వరసలోది. ఇలాంటి చోట దిగేవాళ్లలో చాలామంది ఫొటోలు తీసుకుని, మంచి భోజనం చేసి తిరిగి వచ్చేస్తారు. అది తప్పేమీ కాదు. కానీ ఒక రేవు ఎలా పెరిగిందో, ఎవరికి ఎర్ర తివాచీ పరిచిందో, ఎవరిని గేటు బయటే ఉంచిందో ఆ హోటల్ చరిత్రలో తెలుస్తుంది. అది తెలుసుకుని దిగితేనే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది.

ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ ఈ ద్వీపాన్ని 1786లో చేజిక్కించుకున్నాడు. శత్రువుల నుంచి కాపాడతామని కెడా సుల్తాన్‌ను నమ్మించి దీవి పుచ్చుకున్నారు. తీరా అవసరం వచ్చినప్పుడు కంపెనీ ఆ మాట నిలబెట్టుకోలేదు. ఊరికి మూడో జార్జ్ రాజు పేరు పెట్టారు. తొలినాళ్లలో అడవి కొట్టి బాటలు వేసినవాళ్లలో, భవనాలు లేపినవాళ్లలో భారతదేశం నుంచి ద్వీపాంతరవాస శిక్ష మీద పంపిన ఖైదీలు చాలామంది. 1867 దాకా పెనాంగ్ పాలన కలకత్తాతో ముడిపడే ఉంది.

1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక రేవు దశ మారిపోయింది. ఐరోపా నుంచి తూర్పుకు వచ్చే ఆవిరి ఓడలకు మలక్కా జలసంధిలో మొదటి పెద్ద మజిలీ పెనాంగే. అవతలి ఒడ్డున పెరాక్‌లో తగరం గనులు, ఆ తరవాత రబ్బరు తోటలు. ఓడ దిగిన తోటల యజమానులకు, వర్తకులకు, అధికారులకు ఒకటి రెండు రాత్రులు తలదాచుకునే చోటు కావాలి. ఆ అవసరాన్ని కనిపెట్టినవాళ్లు ఇంగ్లిషువాళ్లు కారు, చైనావాళ్లు కారు. పర్షియా నుంచి వచ్చిన ఆర్మీనియన్లు.

ఆర్మీనియన్ల సంగతి చెన్నై ఎరిగినవాళ్లకు కొత్త కాదు. ప్యారిస్ కార్నర్ దగ్గర ఆర్మీనియన్ స్ట్రీట్, అందులో 1772లో కట్టిన చర్చి ఇప్పటికీ ఉన్నాయి. ప్రపంచంలోనే తొలి ఆర్మీనియన్ పత్రిక 1794లో అచ్చయింది మద్రాసులోనే. 17వ శతాబ్దం మొదట్లో షా అబ్బాస్ వీళ్లను సొంత ఊరు జుల్ఫా నుంచి లేపి, ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫాలో కుదిర్చాడు. అక్కడి నుంచి వ్యాపారం చేసుకుంటూ సూరత్, మద్రాసు, కలకత్తా, రంగూన్ మీదుగా పెనాంగ్ దాకా పాకారు. జార్జ్‌టౌన్‌లోనూ ఒక ఆర్మీనియన్ వీధి ఉంది. ఆ కొత్త జుల్ఫా నుంచి వచ్చినవాళ్లే సార్కీస్ సోదరులు: మార్టిన్, తిగ్రన్, అవియెట్, అర్షక్. మార్టిన్, తిగ్రన్ ముందు ఈస్టర్న్ అని ఒక హోటల్ పెట్టారు. దాని వెనువెంటనే సముద్రానికి ఎదురుగా ఓరియంటల్ తెరిచారు. రెండు పేర్లూ కలిసి ఇప్పటి పేరయింది.

వాళ్లు పెనాంగ్‌తో ఆగలేదు. 1887లో సింగపూర్‌లో బీచ్ రోడ్డు మీద ఒక బంగళా తీసుకుని పది గదులతో రాఫెల్స్ హోటల్ మొదలుపెట్టారు. 1901లో రంగూన్‌లో అవియెట్ చేతుల మీదుగా స్ట్రాండ్ హోటల్ వచ్చింది. ఈ మూడు హోటళ్లూ ఒకే ఓడదారి మీద ఉన్నాయి. ఒక రేవులో సార్కీస్‌ల దగ్గర దిగినవాడు తరవాతి రేవులోనూ వాళ్ల దగ్గరికే వచ్చేలా చూసుకున్నారు. హోటళ్ల గొలుసు అని ఈనాడు మనం పిలిచే వ్యాపారం ఆ రోజుల్లోనే ఆ అన్నదమ్ములకు అబ్బింది.

పెనాంగ్ హోటల్‌ను ఎక్కువ కాలం నడిపినవాడు చిన్న తమ్ముడు అర్షక్. ఆయన గురించి కథలు బోలెడు. నెత్తిన విస్కీ గ్లాసు పెట్టుకుని, చుక్క ఒలకకుండా హాలంతా వాల్ట్‌జ్ నాట్యం చేసేవాడని చెప్పుకుంటారు. చేతిలో డబ్బాడని తోటల దొరలకు బిల్లు మాఫీ చేసి పంపేవాడనీ అంటారు. కథల్లో ఎంత నిజమున్నా, ఖర్చుకు వెనకాడని మనిషన్నది మాత్రం కట్టించిన భవనాలే చెబుతాయి. 1923లో విక్టరీ అనెక్స్ పేరుతో కొత్త భాగం లేచింది. నాట్యశాల, వేడినీళ్లు, చన్నీళ్లు వచ్చే కుళాయిలు, గదుల్లో టెలిఫోన్లు. సముద్రానికి ఆనుకుని 842 అడుగుల ముఖభాగం, ప్రపంచంలో ఏ హోటల్‌కూ అంత పొడవు లేదని ప్రకటనలు. సూయజ్‌కు తూర్పున మాదే మేటి అని కూడా అచ్చువేసుకున్నారు.

ఆ వైభవం పట్టుమని పదేళ్లు నిలవలేదు. 1929 తరవాత ప్రపంచమంతా వచ్చిన ఆర్థిక మాంద్యంలో రబ్బరు ధర, తగరం ధర కుప్పకూలాయి. అప్పులు పెట్టి తాగిన దొరలు చేతులెత్తేశారు. 1931లో అర్షక్ చనిపోయాడు. అదే ఏడాది సార్కీస్ బ్రదర్స్ సంస్థ దివాలా తీసింది. హోటళ్లు మాత్రం చేతులు మారి బతికాయి.

అతిథుల జాబితా ఘనమైనదే. 1889లో రుడ్‌యార్డ్ కిప్లింగ్ కలకత్తా నుంచి బయల్దేరి రంగూన్, పెనాంగ్, సింగపూర్ మీదుగా ప్రయాణించాడు. సింగపూర్‌లో రాఫెల్స్ తిండి బాగుంటుందనీ, గదులు బాగుండవనీ, కాబట్టి అక్కడ తిని పడుకోవడానికి ఇంకో హోటల్‌కు వెళ్లమనీ రాశాడు. సార్కీస్‌లు తిండి మాట వరకు ఉంచుకుని, పడక మాట కోసేసి ప్రకటనల్లో వాడుకున్నారు. సోమర్‌సెట్ మామ్ మలయా తోటల దొరల ఇళ్లలో జరిగే గుట్టుమట్లన్నీ విని కథలు అల్లాడు. ఇ అండ్ ఓలో ఆయన దిగిన సంగతి హోటల్ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. హెర్మన్ హెస్సే 1911లో వచ్చాడు. ఆయన తాత హెర్మన్ గుండర్ట్ మలబారులో మిషనరీగా పనిచేసి మలయాళ నిఘంటువు తయారుచేసినవాడు. తాత బతికిన దేశాన్ని చూడాలని బయల్దేరిన మనవడు సింహళం, పెనాంగ్, సింగపూర్, సుమత్రా తిరిగాడు కానీ భారత గడ్డ మీద మాత్రం తిరగలేదు. పదకొండేళ్ల తరవాత ‘సిద్ధార్థ’ రాశాడు.

వీళ్ల పేర్లు గోడల మీదికి ఎక్కాయి. అదే సముద్రం మీద వచ్చి, అదే రేవు చూసిన ఇంకో జనం ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ గోడ మీదా లేవు.

మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగ్‌కు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు నడిచేవి. వాటిలో పేరుమోసింది రజులా. 1926లో నీళ్లలోకి దిగిన ఆ ఓడ 1973 దాకా తిరిగింది. ఐదువేల మందికి పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునేందుకు దానికి అనుమతి ఉండేది. డెక్కు టికెట్టంటే గది లేదు, మంచం లేదు. చాప పరుచుకోవడానికి బారెడు చోటు, నెత్తిన టార్పాలిన్. మలయా తోటల పనికి బయల్దేరిన కూలీలను ముందు మద్రాసు దగ్గర ఆవడిలోనో, నాగపట్నంలోనో శిబిరాల్లో ఉంచేవాళ్లు. ఊళ్లోకి వచ్చి వాళ్లను పోగుచేసుకుని వెళ్లేవాడు కంగాణీ. పెనాంగ్ చేరాక ఊళ్లోకి నేరుగా రానిచ్చేవాళ్లు కాదు. దీవికీ ప్రధాన భూమికీ మధ్య జెరెజాక్ అని ఒక చిన్న దీవి ఉంది. అంటురోగాలు లేవని తేలేదాకా అక్కడే ఉంచేవాళ్లు.

ఆ ఓడల్లో ఎక్కువమంది తమిళులే. తెలుగువాళ్లూ తక్కువేమీ కాదు. అప్పటి విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచీ, చిత్తూరు వైపు నుంచీ కుటుంబాలు కదిలాయి. పెనాంగ్‌కు దక్షిణాన, పెరాక్ రాష్ట్రం చివర బాగన్ దాతో ప్రాంతంలో కొబ్బరి తోటలున్నాయి. అక్కడ తెలుగు కుటుంబాలు గుంపుగా స్థిరపడ్డాయి. కొబ్బరిచెట్టు చుట్టూ బతుకు అల్లుకున్న కోస్తావాళ్లకు అక్కడి గాలీ నేలా కొత్తగా తోచి ఉండవు. 1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీల వలసను ఆపేసేదాకా ఈ రాకపోకలు సాగాయి. ఇప్పటి మలేసియా తెలుగు సంఘం, బడుల్లో తెలుగు పాఠాల కోసం వాళ్లు పడిన పాట్లు, ఉగాది సంబరాలు, అన్నీ ఆ కుటుంబాల కొనసాగింపే.

రంగూన్ సంగతి ఇంకా దగ్గరిది. విశాఖ, కాకినాడ రేవుల నుంచి మేస్త్రీల వెంట వెళ్లిన తెలుగు కూలీలే ఒకప్పుడు రంగూన్ ఓడరేవును నడిపారు. స్ట్రాండ్ హోటల్ ఉన్నది ఆ రేవు ఎదుటే. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు కార్మికులు సమ్మె కట్టినప్పుడు, వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరాక ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. అక్కడ రాజుకున్న గొడవల్లో ఎంతోమంది తెలుగువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. హోటల్ చరిత్ర రాసేవాళ్లకు స్ట్రాండ్ అంటే పాలరాయి, పియానో. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో రంగూన్ అంటే తిరిగిరాని తాత. రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పకపోతే ఆ చరిత్ర సగమే.

1941 డిసెంబరులో ఇ అండ్ ఓ ఉన్న ఊరికి తన సంగతి తనకే తెలిసొచ్చింది. 11వ తేదీన జపాన్ విమానాలు జార్జ్‌టౌన్ మీద బాంబులు వేశాయి. కొద్ది రోజులకే బ్రిటిష్‌వాళ్లు ఐరోపా పౌరులను మాత్రం గుట్టుచప్పుడు కాకుండా ఓడలెక్కించి దాటించారు. చైనా, మలయ్, భారతీయ జనాన్ని అక్కడే వదిలేశారు. కోట మీద బ్రిటిష్ జెండా ఇంకా ఎగురుతూనే ఉంది కాబట్టి బాంబులూ పడుతూనే ఉన్నాయి. ‘స్ట్రెయిట్స్ ఎకో’ పత్రిక సంపాదకుడు మాణికసోతి శరవణముత్తు, సింహళం నుంచి వచ్చిన తమిళుడు, కార్న్‌వాలిస్ కోటకు వెళ్లి ఆ జెండా దించేశాడు. ఊళ్లో సైన్యం లేదని రేడియోలో చెప్పించి బాంబులు ఆపించాడు. పాలకులు పారిపోయిన ఊరిని ఒక పత్రికా సంపాదకుడు కాపాడాడు. హోటల్లో దిగేవాళ్లకు మామ్ పేరు చెప్పినంత గట్టిగా ఈ పేరు కూడా చెప్పాలి. కోట హోటల్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే.

యుద్ధం తరవాత హోటల్ మళ్లీ తెరుచుకుంది కానీ పాత రోజులు రాలేదు. 1969లో పెనాంగ్‌కు పన్నులు లేని రేవు హోదా పోయింది. ప్రయాణికులు ఓడలు వదిలి విమానాలెక్కారు. ద్వీపానికి ఉత్తరాన బాటు ఫెరింగీ ఇసుక తీరంలో 70ల నుంచి కొత్త రిసార్టులు లేచాయి. ఇ అండ్ ఓ వెలిసిపోయి, 1996లో మూతపడింది. ఐదేళ్ల మరమ్మతుల తరవాత 2001లో తిరిగి తెరిచారు. 2008లో మలక్కాతో పాటు జార్జ్‌టౌన్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2013లో విక్టరీ అనెక్స్ పాత పేరుతోనే కొత్త బహుళ అంతస్తుల భవనం వచ్చింది.

ఇది నిలిచింది కానీ పక్కనే ఉన్నవన్నీ నిలవలేదు. దగ్గర్లోనే రన్నిమీడ్ అని ఇంకో పాత సముద్రతీర హోటల్ ఆవరణ ఉండేది. అందులోని బంగళాలను 2016లో కూలగొట్టినప్పుడు పెనాంగ్ జనం గోల చేశారు. సింగపూర్‌లో రాఫెల్స్ భద్రంగానే ఉంది, పోయింది సముద్రమే. బీచ్ రోడ్డు ముందు సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు, ఇప్పుడు అలల చప్పుడు అక్కడికి వినిపించదు. పెనాంగ్‌లోనూ తీరం పొడవునా పూడ్చివేతలు సాగుతున్నాయి. ఇ అండ్ ఓ యజమాని సంస్థే తంజుంగ్ తొకాంగ్ దగ్గర సముద్రంలో కొత్త నేల లేపి ఇళ్లు కట్టింది. హోటల్ ముందు నీళ్లు ఇంకా గోడను తాకుతున్నాయంటే అది చిన్న విషయం కాదు. పాత భవనాన్ని కాపాడటం ఒక ఎత్తు, దాని ముందున్న సముద్రాన్ని కాపాడటం ఇంకో ఎత్తు.

ఇక దిగే సంగతి. పాత భాగంలో అడుగుపెట్టగానే గుండ్రని గోపురం కప్పు కింద హాలు వస్తుంది. సరిగ్గా దాని నడుమ నిలబడి మాట్లాడితే గొంతు తిరిగి మన చెవిలోనే మోగుతుంది. రెండడుగులు పక్కకు జరిగితే ఏమీ ఉండదు. వంపు తిరిగిన కప్పు మాటను కూడగట్టి కిందికి పంపడం వల్ల ఇలా జరుగుతుంది. పిల్లలుంటే అక్కడి నుంచి ఓ పట్టాన కదలరు. తలుపు దగ్గర సిబ్బంది తెల్ల టోపీ, పొట్టి లాగులతో దొరల కాలం వేషంలో ఎదురొస్తారు. ఆ వేషం కొందరికి ముచ్చట. ఆ కాలంలో ఆ టోపీ ఎవరి నెత్తిన ఉండేదో గుర్తున్నవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. రెండూ న్యాయమే.

గదులు పొడవుగా ఉంటాయి. ముందు కూర్చునే చోటు, ఆ తరవాత పడక, ఇంకా లోపల స్నానాల గది. ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, కర్ర పలకల రెక్కలున్న తలుపులు అలంకారానికి పెట్టినవి కావు. ఫ్యాను కూడా లేని రోజుల్లో వేడిగాలి పైకి పోయి, సముద్రపు గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు పోవడానికి చేసిన ఏర్పాటది. మన పాత మండువా ఇళ్లు ఎరిగినవాళ్లకు ఆ ఉపాయం వెంటనే బోధపడుతుంది. ఏసీ కాసేపు ఆపి, తలుపులు తీసి చూడాలి. అప్పుడే ఆ కట్టడం పనితనం ఒంటికి తెలుస్తుంది.

బుక్ చేసేముందు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇక్కడ ఇసుక తీరం లేదు. సముద్రం నేరుగా గోడకు తగులుతుంది. ఈత కొలనులోనే. ఇసుకలో ఆడుకోవాలంటే బాటు ఫెరింగీకి వెళ్లాలి. రెండోది, పాత భాగమూ కొత్త భాగమూ వేరు, సముద్రంవైపు గదీ ఊరివైపు గదీ వేరు. చరిత్ర కోసం వెళ్లేవాళ్లు పాత భాగంలో సముద్రంవైపు గదే అడగాలి. ధర భరించలేమనుకుంటే దగ్గర్లో తక్కువలో దిగి, సాయంత్రం టీకి ఇక్కడికి వచ్చినా పచ్చిక, గోడ, గోపురం చూడవచ్చు. విదేశీయులకు మలేసియాలో గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను అదనం. 2023 డిసెంబరు నుంచి భారతీయులను 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తున్నారు. ప్రయాణానికి ముందు ఆ నిబంధన ఇంకా అమల్లో ఉందో లేదో చూసుకోవాలి. కౌలాలంపూర్ నుంచి పెనాంగ్‌కు విమానంలో గంట. తీరిక ఉంటే రైల్లో బటర్‌వర్త్ దాకా వెళ్లి ఫెర్రీలో దాటడం మేలు. పాతకాలపు ప్రయాణికులు చూసినట్టే ఊరు నీటి మీది నుంచి కనిపిస్తుంది.

హోటల్ నుంచి పడమరగా కొంచెం నడిస్తే దేవగన్నేరు చెట్ల నీడలో ప్రొటెస్టెంట్ల పాత శ్మశానం వస్తుంది. ఫ్రాన్సిస్ లైట్ సమాధి అక్కడే. తూర్పుగా నడిస్తే 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, చైనావాళ్ల కరుణాదేవి గుడి, 1801లో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు, క్వీన్ వీధిలో 1833 నాటి మహామారియమ్మన్ గుడి. అన్నీ ఒకదాని పక్కన ఒకటి. ఆ చుట్టుపక్కలే మల్లెపూలు, ఇడ్లీలు, నాసి కందర్ హోటళ్లు. కావడిలో అన్నం, కూరలు మోసుకుని రేవు కూలీలకు అమ్మిన తమిళ ముస్లింల వంట అది. మధ్యాహ్నం ఒక పూటైనా అక్కడ తినాలి.

ఇ అండ్ ఓ తన అతిథుల ఫొటోలు, మెనూలు, ప్రకటనలు జాగ్రత్తగా దాచుకుంది. అందుకే దాని చరిత్ర ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నాం. డెక్కు మీద వచ్చినవాళ్లవి అలా దాచే సంస్థ లేదు, వాళ్ల ఇళ్లే దిక్కు. మలయాకో, రంగూన్‌కో వెళ్లొచ్చిన తాతముత్తాతలున్న కుటుంబాలు ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో, చిత్తూరులో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. అటక మీద ఓడ టికెట్టు, పాస్‌పోర్టు, మనియార్డరు రసీదు, పాత ఉత్తరం ఏదున్నా పారేయకండి. తేదీ, ఊరు, పేరు రాసి, ఫొటో తీసి, పిల్లలకు ఒక ప్రతి ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి.